కర్రిగాడు, మైలగాడు, మూడెకరాల ఎండుగడ్డి: ఆరు నెలల లెక్క

వారమంతా బెంగళూరు కె.ఆర్.పురంలో బ్యాంకు ఉద్యోగం. ఆదివారం తెల్లారేసరికి హోసకోట దాటి నందగుడి వైపు, మా బావమరిది బీడులో ఉంటాను. మూడెకరాలు. బోరు ఎండిపోయాక వాళ్లు పంట మానేశారు. అందులో కోడెదూడల్ని పెంచుదామన్నది నా సరదా. పక్క పొలం తాత రోజూ వాటిని చూసుకుంటాడు. ఆ చుట్టుపక్కల తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది, కాబట్టి నా కన్నడ బయటపడే అవసరం రాలేదు.

జనవరిలో ఘాటి సుబ్రహ్మణ్య పశువుల జాతరలో రెండు హళ్లికార్ కోడెదూడల్ని కొన్నాను. పది, పదకొండు నెలలవి, జత 45 వేలు. ఒకడు బూడిద రంగు కాబట్టి మైలగాడు, రెండోవాడు నలుపు తిరిగినవాడు కాబట్టి కర్రిగాడు.

తూకం యంత్రం లేదు, దర్జీ టేపే దిక్కు. ముందుకాళ్ల వెనక, మూపురం వెనక నుంచి ఛాతీ చుట్టుకొలత తీసుకోవాలి. భుజం ఎముక నుంచి తోక పక్కనున్న పిరుదు ఎముక దాకా పొడవు. రెండూ అంగుళాల్లో. చుట్టుకొలతను చుట్టుకొలతతో, మళ్లీ పొడవుతో గుణించి 660తో భాగిస్తే సుమారుగా కిలోలు వస్తాయి. పొద్దున్నే, నీళ్లు తాగకముందే కొలవాలి. లేకపోతే కడుపులో నీళ్లను కూడా కండ అనుకుని సంబరపడిపోతాం. తెచ్చిన రోజు మైలగాడు 48, 41, అంటే 143 కిలోలు. కర్రిగాడు 47, 40, అంటే 134.

బీడంతా మోకాలెత్తు గడ్డి ఉంది, ఎండిపోయి పసుపు తిరిగింది. ఇంత మేతుంటే వేరే దాణా దేనికి అనుకున్నాను. నెల తర్వాత టేపు పెడితే ఇద్దరికీ చుట్టుకొలతలో ఒక్కో అంగుళం తగ్గింది. మైలగాడు 137, కర్రిగాడు 128. కడుపు మాత్రం డోలులా ఉంది. తాత కర్రతో పేడను తిరగేసి చూపించాడు. గట్టిగా, పొరలు పొరలుగా, లోపల అరగని గడ్డి పుల్లలు. "చూడు సామీ, ఎండబెట్టకుండానే పిడక" అన్నాడు. కర్రిగాడు గోడ సున్నం నాకుతున్నాడు, గోనెసంచి నములుతున్నాడు. అది లవణాల కొరత, ముఖ్యంగా భాస్వరం తక్కువైనప్పుడు చేసే పని.

మేత మీద పెరిగే పశువుకి పైదాణా గురించి వెతికితే దొరికేదంతా మాంసం పశువుల సమాచారమే. బ్రెజిల్, ఉత్తర ఆస్ట్రేలియా. నావి అరకకీ బండికీ. కర్ణాటకలో 2021 నుంచి ఎద్దుల్ని కోయడం నిషేధం కూడా. కానీ ఎండుగడ్డి తినే కోడె పొట్టకి ఈ తేడాలేం తెలుస్తాయి? పైగా బ్రెజిల్ మాంసం మందల్లో ఎక్కువ భాగం నెలోర్ జాతి, అంటే మన ఒంగోలు గిత్తల సంతతి. నెల్లూరు పేరే అలా మారింది. వానాకాలం ఒళ్లు చేసి ఎండాకాలం చిక్కిపోయే పశువుని అక్కడ 'బోయ్ సాన్ఫోనా' అంటారు. సాన్ఫోనా అంటే అకార్డియన్. మన లెక్కలో హార్మోనియం తిత్తి అనుకోండి, ఉబ్బడం, తగ్గడం. నా దూడలు సరిగ్గా అదే వాయిస్తున్నాయి.

ఫిబ్రవరిలో తప్పు చేశాను. చిక్కిపోతున్నాయని జాలిపడి ఒక్కోదానికి రోజుకి రెండు కిలోల మొక్కజొన్న పిండి పెట్టించాను, మూడు వారాలు. మైలగాడు మళ్లీ 48 అంగుళాలకి వచ్చాడు, కర్రిగాడు 47కి. ఆనందమే, కానీ బీడులో గడ్డి ముట్టనట్టు అలాగే నిలబడి ఉంది. విప్పితే రెండూ నేరుగా గేటు దగ్గరికొచ్చి బకెట్ కోసం నిలబడుతున్నాయి. "ఇంట్లోనే కూడు దొరికితే ఎవుడు పోతాడు సామీ కూలికి?" అన్నాడు తాత. కిలో 26 రూపాయల పిండి, మైలగాడు ఒక్కడే 42 కిలోలు తిన్నాడు. 1,092 రూపాయలకి పెరిగింది ఆరు కిలోలు. కిలోకి 182.

ఎక్కడ పొరబడ్డానో అప్పుడు చదివాను. గడ్డిని అరిగించేది పశువు కాదు, దాని పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు. మేతలో మాంసకృత్తులు ఏడు శాతం కంటే తగ్గితే వాటికి నత్రజని చాలదు, పని మందగిస్తుంది. అరగని గడ్డి పొట్టలోనే కూర్చుంటుంది, కొత్త గడ్డికి చోటుండదు. కడుపు నిండుగానే ఉంటుంది, పశువు మాత్రం చిక్కుతుంది. పిండి పదార్థం ఎక్కువ పోస్తే పొట్టలో పులుపు పెరిగి, పీచును అరిగించే జీవులు ఇంకా వెనక్కి పోతాయి. బ్రెజిల్లో ఎండాకాలం బ్రాకియారియా గడ్డి మీదున్న పశువుకి మాంసకృత్తులు కలిపిన ఉప్పుదాణా పెడతారు, ఒంటి బరువులో వెయ్యో వంతు. అంటే 150 కిలోల కోడెకి 150 గ్రాములు. నేను పోసింది రెండు కిలోలు!

మార్చిలో పద్ధతి మార్చాం. పిండి మెల్లగా తగ్గించి మానేశాం. ఒక్కోదానికి సాయంత్రం 300 గ్రాముల పత్తిగింజల చెక్క, అందులో 20 గ్రాముల లవణ మిశ్రమం. బీడులో నాకుడు ఇటుక. రాత్రికి యూరియా పెట్టి మాగేసిన రాగిగడ్డి రెండు కిలోలు. యూరియా ఎందుకంటే, ఆ సూక్ష్మజీవులకి కావాల్సిన నత్రజని అందులో ఉంటుంది.

ఇటుక పది కిలోలకి నేను వాడిన కొలతలు: బెల్లపు మడ్డి ఐదు కిలోలు, యూరియా కిలో, ఉప్పు అరకిలో, సిమెంటు కిలో, తవుడు రెండున్నర కిలోలు. మొదట మడ్డిలో యూరియా వేసి ఒక్క పలుకు కూడా మిగలకుండా కరిగేదాకా కలపాలి. తర్వాత ఉప్పు, సిమెంటు, ఆఖర్న తవుడు. మొదటిసారి మడ్డి మరీ చిక్కగా ఉందని చెంబుడు నీళ్లు పోశాను. వారమైనా గట్టిపడలేదు, హల్వాలా ఉండిపోయింది. అలాంటిది పెట్టకూడదు. ఇటుక రాయిలా ఉంటేనే పశువు నాకుతుంది, మెత్తగా ఉంటే కొరుక్కు తింటుంది. యూరియా ఒక్కసారిగా లోపలికి పోతే ప్రాణం మీదికొస్తుంది. పదికిలోల సరుకు పారేసి, రెండోసారి నీళ్లు లేకుండా కలిపి, పాత పెయింటు డబ్బాల్లో కూరి నాలుగు రోజులు నీడన ఆరబెట్టాం. బొటనవేలితో నొక్కితే దిగలేదు. రోజుకి ఒక్కోటి 150 గ్రాముల దాకా నాకుతోంది, అంటే యూరియా 15 గ్రాములు. ఆరు నెలల లోపు దూడలకి మాత్రం యూరియా పెట్టకూడదు, వాటి పొట్ట ఇంకా తయారై ఉండదు.

గడ్డి మాగేయడం ఇంకా తేలిక. వంద కిలోల ఎండుగడ్డికి నాలుగు కిలోల యూరియా, యాభై లీటర్ల నీళ్లు. పొర పరచడం, చల్లడం, తొక్కడం, టార్పాలిన్ కప్పి గాలి పోకుండా అంచుల మీద మట్టి వేయడం. 21 రోజులకి పట్టా ఎత్తితే అమ్మోనియా ఘాటుకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పెట్టే ముందు గంటైనా ఆరబోయాలి. మొదటి రాత్రి రెండూ వాసన చూసి తల తిప్పుకున్నాయి. మూడో రాత్రికి గాటి నాకేశాయి. పది రోజుల్లో పేడ మెత్తబడింది. తాత మళ్లీ కర్రతో తిరగేశాడు, ఈసారి ఏమీ అనలేదు.

ఏప్రిల్ రెండో శనివారం రాత్రి వడగళ్ల వాన. ఇటుకని చెట్టు కింద ఓ ప్లాస్టిక్ టబ్బులో పెట్టి ఉన్నాం. ఆదివారం పొద్దున ఏడింటికి దూడల్ని విప్పి నేను కాఫీ కలుపుకోడానికి లోపలికెళ్లాను. టబ్బులో జానెడు నీళ్లు నిలిచాయి, ఇటుక అందులో కరిగింది, కర్రిగాడు తీపి తగిలి తాగేశాడు. అరగంటలో చెవులు, పెదాలు అదరడం మొదలైంది. నోట్లో నురగ, నడక తూలడం, ఎడం డొక్క ఉబ్బింది. పశువుల డాక్టరుగారు ముందే చెప్పి ఉన్నారు, యూరియా వాడేవాడి షెడ్డులో వెనిగర్ ఉండి తీరాలని. ఆయన ఫోన్లో చెబుతుంటే రెండు సీసాలు, లీటరు పైనే, చల్లటి నీళ్లతో కలిపి తాత పట్టుకుంటే నేను పోశాను. తల మరీ పైకెత్తకుండా, గుక్క మింగాక ఇంకో గుక్క. తొందరపడి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెనిగర్ పులుపు పొట్టలోని అమ్మోనియా రక్తంలోకి ఎక్కకుండా ఆపుతుంది, చల్లదనం యూరియా అమ్మోనియాగా విరగడాన్ని నెమ్మది చేస్తుంది. పెద్ద పశువుకైతే ఇంకా ఎక్కువ కావాలట. గంటకి డాక్టరుగారు వచ్చారు. నా చేతులు మాత్రం మధ్యాహ్నం దాకా వణుకుతూనే ఉన్నాయి. సాయంత్రం నాలుగున్నరకి కర్రిగాడు పడుకుని నెమరు వేస్తుంటే ఆ దవడ కదలికనే చూస్తూ కూర్చున్నాను.

ఆ రాత్రే టబ్బు అడుగున ఆరు చిల్లులు. తర్వాతి వారం పైన రేకు. ముందే చేయాల్సిన పని. ఉత్తర ఆస్ట్రేలియాలో కూడా పశువులు యూరియాతో చచ్చే దారుల్లో వాన నీళ్లు నిలిచిన తొట్టి ఒకటని నేను అంతకుముందే చదివాను కూడా, అదీ సిగ్గు.

ఏప్రిల్ ఆఖరికి మైలగాడు 49 న్నర, 42, అంటే 156. నెలన్నరలో 13 కిలోలు, రోజుకి సుమారు 290 గ్రాములు. పిండి మీద కూడా రోజుకి ఇంతే పెరిగాడు! కానీ ఈసారి చెక్కకి 513, ఇటుకలకి 236, మొత్తం 749 రూపాయలు, కిలోకి 58 పడింది. రాగిగడ్డి తాతది, లెక్కలో వేయలేదు. వేస్తే తేడా కొంత తగ్గుతుంది. కర్రిగాడు 143 దగ్గరే ఉన్నాడు, ఆ వాన దెబ్బ నుంచి తేరుకోడానికి వాడికి పదిరోజులు పట్టింది. బీడులో మాత్రం గడ్డి తగ్గింది, గేటు దగ్గర నిలబడే అలవాటూ పోయింది.

కంచె వెంబడి సుబాబుల్ ఉంది. రోజూ కొమ్మలు నరికి వేస్తున్నాం, కానీ మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వం. అందులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది, ఎక్కువైతే వెంట్రుకలు రాలతాయి. దాన్ని విరిచే బ్యాక్టీరియాని రేమండ్ జోన్స్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త హవాయి మేకల పొట్టలో కనిపెట్టాడు. మన పశువుల్లోనూ అది ఉంటుందంటారు. నా రెంటిలో ఉందో లేదో పరీక్షించే ఓపిక నాకు లేదు.

మే నెల వానలకి గరిక లేచింది. దాంతోపాటు వయ్యారిభామ కూడా, పోయినేడు ఎక్కువ మేపిన మూలంతా అదే. పచ్చిమేత దొరకగానే ఇటుక నాకడం వాటంతట అవే తగ్గించేశాయి. చెక్క ఆపేశాం, లవణ మిశ్రమం ఉంచాం. జూన్ మధ్యలో మైలగాడు 52, 43, 176 కిలోలు. కర్రిగాడు 51, 42, 166. ఎండాకాలం వెనకబడ్డవాడు వానల్లో పరుగెత్తి అందుకుంటాడంటారు, వాడిని చూస్తే నిజమే అనిపిస్తోంది.

సెప్టెంబరు నుంచి ఒక ఎకరం మేపకుండా మూసేయాలి, జనవరికి నిలువు గడ్డి మిగలడానికి. వెదురు బొంగులకి నందగుడిలో అడిగిన ధర నచ్చలేదు. తాత దగ్గర పాత ముళ్లతీగ ఉందట, వచ్చే ఆదివారం చుట్ట విప్పి చూస్తాం.