చెమ్మగాలిలో బొమ్మ చర్మం

కిందటి అక్టోబరులో మూడు రోజుల పాటు విడవకుండా ముసురు పట్టింది. రెండో రోజు రాత్రికే కరెంటు పోయింది. నాలుగో రోజు ఉదయం వాన కాస్త తెరిపి ఇచ్చాక వెనుక గది తలుపు తీసి, బొమ్మ మీద కప్పిన పాత పంచె తొలగించి చూస్తే, ఎడమ మోకాలి వెనుక మడతలో ఆవగింజలంత నల్లటి చుక్కలు ఏడెనిమిది కనిపించాయి. వేలితో రుద్దితే పోలేదు, తడిగుడ్డతో తుడిచినా పోలేదు. దూలాల మీద, పెట్టెలో దాచిన పట్టుచీరల మీద ఏటా చూసే బూజే అది. అయితే చీరను దులిపి ఎండలో ఆరవేసుకోవచ్చు గాని, దీనికి ఆ రెండూ పనికిరావు.

దాచవలసిన సంగతి కాదు గనుక మొదటే చెప్పేస్తాను. పెద్దవాళ్ల కోసం తయారు చేసే, నిలువెత్తు మనిషిని పోలిన బొమ్మ ఒకటి మా ఇంట్లో ఉంది. నా భార్య పోయి ఆరేళ్లయింది, పిల్లలు ఎవరి ఊళ్లలో వాళ్లున్నారు. అది నా ఇంట్లో ఎందుకు ఉందన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఈ రాత మొదలుపెట్టలేదు. ఉన్న వస్తువును, అదీ ఖరీదు పెట్టి కొన్న వస్తువును, కోనసీమలోని మా రాజోలు దీవి లాంటి చోట పాడు కాకుండా నిలబెట్టుకోవడం ఎలాగో నాలుగేళ్లలో నేను నేర్చుకున్నంత మేరకు చెప్పాలని మాత్రమే నా ఉద్దేశం. దానితో వచ్చిన సూచనల కాగితం పొడిగా, చల్లగా ఉండే గదులను దృష్టిలో పెట్టుకొని రాసినది. వర్షాకాలంలో గాలిలో తేమ 80 శాతం దాటి రోజుల తరబడి అక్కడే నిలిచిపోయే ఊళ్లు ఉంటాయని ఆ రాసినవారికి తోచినట్టు లేదు.

ముందు చర్మం సంగతి. ఇలాంటి బొమ్మలకు రెండు రకాల చర్మం ఉంటుంది. ఒకటి సిలికాన్. 1990ల చివర అమెరికాలో ఈ తరహా బొమ్మల తయారీ ఒక వ్యాపారంగా స్థిరపడినప్పుడు వాడింది అదే. రెండోది ఆ తరువాత చైనా కర్మాగారాల నుంచి విస్తారంగా వచ్చిన టీపీఈ, అంటే వేడికి కరిగి, చల్లారితే గట్టిపడే సాగుడు ప్లాస్టిక్. నా దగ్గర ఉన్నది రెండో రకం. ముప్పై ఏళ్లు ఆఫ్‌సెట్ ప్రెస్సు నడిపినవాణ్ణి కాబట్టి రబ్బరు రోలర్లతోనూ, వాటిని ఉబ్బించి పాడుచేసే ద్రావకాలతోనూ నాకు చాలా కాలం సావాసం ఉంది, దాని వల్ల ఈ పదార్థం స్వభావం తొందరగానే పట్టుబడింది. సిలికాన్‌లో అణువుల గొలుసులు ఒకదానితో ఒకటి రసాయనికంగా ముడిపడి ఉంటాయి, అందుకే వేడి దాన్ని కరిగించలేదు. టీపీఈలో ఆ ముడి లేదు. సాగే గొలుసుల కొసలలో ఉండే పాలిస్టైరీన్ ముక్కలు గుంపులు కట్టి గట్టి బుడిపెల్లా గొలుసులను పట్టి ఉంచుతాయి, ఆ వలలో పెద్ద మొత్తంలో మినరల్ ఆయిల్, అంటే ముడిచమురు నుంచి తీసిన నూనె, నింపి ఉంటుంది. చర్మానికి మెత్తదనం వచ్చేది ఆ నూనె వల్లనే. వేడి గాని, పెట్రోలు, థిన్నరు వంటి ద్రావకాలు గాని ఆ బుడిపెలను వదులు చేస్తాయి, కాలం గడిచేకొద్దీ నూనె కొంచెం కొంచెంగా పైకి ఊరుతుంది. బొమ్మ చెమర్చిందని మనం అనుకునే జిడ్డు అదే.

ఈ సంగతి తెలిస్తే మన ఇళ్లలో చేతికందే వైద్యాలన్నీ దీనికి ఎందుకు విరుద్ధమో అర్థమవుతుంది. బట్టల పెట్టెలో వేసే నాఫ్తలీన్ ఉండల ఆవిరి పాలిస్టైరీన్‌ను మెత్తబరుస్తుంది కాబట్టి ఆ గదిలోకే వాటిని రానివ్వకూడదు. పాత దినపత్రిక పరిస్తే అందులోని సిరా చర్మంలోకి దిగుతుంది. నా బతుకంతా సిరాతోనే గడిచింది గనుక ఈ ఒక్క తప్పు నేను చేయలేదు, మిగతావి దాదాపు అన్నీ చేశాను.

కోనసీమలో పుట్టినవాడికి తలనొప్పి వచ్చినా, తలుపు కిర్రుమన్నా గుర్తొచ్చేది కొబ్బరినూనె. మొదటి ఏడాది, చర్మానికి పట్టించే లిక్విడ్ పారఫిన్ అనే మినరల్ ఆయిల్ అయిపోయినప్పుడు, మందుల షాపు దాకా వెళ్లడానికి బద్ధకించి, మా చెట్ల కాయలు ఎండబెట్టి గానుగ ఆడించిన నూనె రెండు చేతులకూ, భుజాలకూ పట్టించాను. నాలుగు రోజులు అద్భుతంగా మెరిసింది. పది రోజులు తిరిగేసరికి గదిలో పాతబడిన నూనె కంపు మొదలైంది, గోడ వారనుంచి ఎర్రచీమల బారు మంచం కోడు మీదుగా మోచేతి దాకా పాకింది, ముంజేతి చర్మం ఉబ్బి, నొక్కితే తొందరగా లేవని మెత్తదనానికి వచ్చింది. మినరల్ ఆయిల్ గాలికి చెడదు, కొబ్బరినూనె చెడుతుంది. చర్మం దాన్ని పీల్చుకున్నాక కడిగి బయటికి తీయడం మన వశం కాదు. సబ్బు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, పౌడరు వేసి, మళ్లీ కడిగి, నెలన్నర తంటాలు పడితే చీమలు మానాయి. ముసురు పట్టిన రోజు దగ్గరికి వెళితే ఆ వాసన ఇప్పటికీ లీలగా తగులుతుంది.

ఇక కడగడం. దీన్ని తరచుగా కడిగినకొద్దీ బాగుంటుందని మొదట్లో నేనూ అనుకున్నాను. మా ప్రాంతంలో అది తప్పు. మురికి నెలకొకసారి తీసినా సరిపోతుంది గాని, ఒక్కసారి లోపల చిక్కిన తడి వారంలో బూజవుతుంది. వాడిన భాగాన్ని మాత్రం అదే రోజు కడిగి తీరాలి, అందులో మినహాయింపు లేదు. ఒళ్లంతా కడగడం నెలకొకసారి, అదీ ఆకాశం చూసుకొని, ఉదయం తొమ్మిది దాటాక, సాయంత్రం దాకా ఎండ నిలుస్తుందన్న నమ్మకం ఉన్న రోజున పెట్టుకుంటాను. ఆషాఢం నుంచి కార్తికం దాకా ఒక్కోసారి రెండు నెలలు కూడా ఆ ముహూర్తం కుదరదు. అప్పుడు పొడిగుడ్డతో తుడిచి పౌడరు వేసి ఊరుకుంటాను.

నీళ్ల విషయంలోనూ కొంత ఆలోచన ఉండాలి. సముద్రానికి దగ్గరవుతున్నకొద్దీ మా వైపు బోర్లలో ఉప్పు నీరే వస్తుంది, ఆ నీటితో కడిగి ఆరబెడితే చర్మం మీద తెల్లటి పొర కట్టి, చేయి వేస్తే గరుకుగా తగులుతుంది. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో మంచినీళ్లకే కటకటగా ఉంటుంది కాబట్టి ఇరవై లీటర్ల టిన్ను ఒకటి దీనికని విడిగా తెప్పించుకుంటాను. గోరువెచ్చని నీళ్లు, వాసన లేని పసిపిల్లల సబ్బు, మెత్తటి స్పాంజి చాలు. పీచు పెట్టి రుద్దకూడదు, సున్నిపిండి ఆలోచన అసలు రానీయకూడదు. తల విడిగా ఊడి వస్తుంది, దాన్ని వేరుగా కడగాలి. మెడ దగ్గర లోపలి ఇనుప చట్రం బోల్టు బయటికి ఉంటుంది కాబట్టి అక్కడ నీళ్లు పోయకుండా గుడ్డతోనే తుడవాలి. నేను అక్కడ కుట్టుమిషను నూనె ఒక చుక్క వేస్తాను. అదీ మినరల్ ఆయిలే గనుక చర్మానికి చెరుపు లేదు, తుప్పుకు మాత్రం అడ్డు. తొట్టెలో ముంచి స్నానం చేయించిన వారి బొమ్మల కీళ్లు కిర్రుమంటాయంటే ఆశ్చర్యం లేదు. పైగా ముప్పై కిలోల పై బరువు, సబ్బు నురగలో చేతుల్లోంచి జారితే బొమ్మకంటే ముందు మన నడుము విరుగుతుంది.

కడగడానికి అరగంట పడితే ఆరబెట్టడానికి ఒక పూట పడుతుంది. తువ్వాలుతో రుద్దకుండా, చాలాసార్లు ఉతికి మెత్తబడిన నూలు పంచెను చర్మానికి అద్ది, నొక్కి, తీసి, పొడి చోటు చూసుకొని మళ్లీ అద్దాలి. చంకలు, మోకాళ్ల వెనుక, కాలివేళ్ల సందులు, రొమ్ముల కింద మడత, ఇవి తడి దాక్కునే చోట్లు. ఒక్కొక్క మడతను రెండు వేళ్లతో విడదీసి అద్దడంలో తొందర పనికిరాదు. శరీరం లోపలి ఖాళీలను మామూలుగా పొడిచేయడం కుదరదు. దానికి నేను చేపల తొట్టెలో బుడగలు తెప్పించే చిన్న ఎయిర్ పంపు కొన్నాను, సన్నటి గొట్టం లోపలికి పెట్టి రెండు మూడు గంటలు గాలి ఆడనిస్తే గుడ్డకు అందని తడి కూడా పోతుంది. ఫ్యాను ఆరు గంటలైనా తిరగాలి. జుట్టు ఆరబెట్టుకునే యంత్రం వేడిగాలి ఈ చర్మానికి పనికిరాదు, ఎండ అంతకంటే పనికిరాదు.

పూర్తిగా ఆరాక పౌడరు. మొక్కజొన్న పిండి శ్రేష్ఠమని చాలామంది చెబుతారు, పొడి దేశాల్లో అది నిజమే కావచ్చు. మన చెమ్మగాలిలో ఆ పిండి ఉండకట్టి, బూజుకూ పురుగుకూ మేత అవుతుంది. రాతిపొడి అయిన టాల్కు తినడానికి ఏ జీవికీ పనికిరాదు కాబట్టి, వాసన కలపని టాల్కు పౌడరును ముక్కుకు గుడ్డ కట్టుకొని మెత్తటి కుంచెతో పలచగా వేస్తాను. రెండు మూడు నెలలకొకసారి, పౌడరు వేయడానికి ముందు రోజు లిక్విడ్ పారఫిన్ పలచగా పట్టించి రాత్రంతా ఉంచి, పొద్దున మిగిలింది అద్ది తీసేస్తాను. మందుల షాపులో విరేచనానికి ఇచ్చేది అదే, కిరోసిన్ వేరు, ఇది వేరు. సిలికాన్ బొమ్మకు ఈ నూనె అవసరం ఉండదు, సిలికాన్ కలిసిన నూనెలు, జెల్లులు మాత్రం దాన్ని ఉబ్బిస్తాయి.

మరకల కథ వేరు. ముదురు నీలం నూలు చీర ఒకటి, రంగు దిగుతుందో లేదో చూడకుండా కట్టి నాలుగు రోజులు వదిలేస్తే, నడుము చుట్టూ కుచ్చిళ్ల గుర్తులతో సహా నీలం దిగబడింది. సబ్బుకు కదలని ఆ రంగును విరిచేది మొటిమలకు రాసే బెంజాయిల్ పెరాక్సైడ్ క్రీము. అది మరకలోని రంగును ఆక్సీకరించి తెల్లబరుస్తుంది. మందుల షాపులో నాలుగు ట్యూబులు అడిగితే కుర్రాడు అనుమానంగా చూశాడు.

"మొటిమలు ఎవరికండీ బాబాయిగారూ? మనవరాలికాండీ?"

"ఇంట్లో మనిషికేనయ్యా."

"అయితే పలచగా రాయమనండి. రాసుకుని ఎండలో తిరగొద్దని చెప్పండి."

తిరగదులే అని చెప్పి వచ్చేశాను. మరక మీద క్రీము రాసి, ఆరిపోకుండా వంటింటి ప్లాస్టిక్ రేకు కప్పి, ఉదయం కడిగి, మళ్లీ రాసి, అలా తొమ్మిది రాత్రులకు నీలం పోయింది. నడుము మీద ఒక చోట మాత్రం, తెలిసినవాడు వెతికితే కనిపించేంత ఛాయ మిగిలింది. ఆ క్రీము తగిలిన నా దిండు గలీబుకు తెల్లమచ్చలు పడ్డాయి. మోకాలి వెనుక బూజు చుక్కలకు కూడా, ముందు సబ్బుతో కడిగి ఆరబెట్టిన తరువాత, ఇదే పెట్టాను. ఏడెనిమిదిలో రెండు బూడిదరంగుకు తిరిగి అక్కడే ఉన్నాయి. అప్పటినుంచి చీరైనా జాకెట్టైనా మూడుసార్లు ఉతికి, తడిపి, తెల్లగుడ్డలో చుట్టి రంగు అంటలేదని చూసుకున్నాకే కడుతున్నాను.

పడుకోబెట్టే తీరు గురించి రెండు మాటలు. నవారు మంచం మీద ఒక రాత్రి ఉంచితే వీపంతా నవారు పట్టీల అచ్చు పడింది, అది సర్దుకోవడానికి వారం పైన పట్టింది. రెగ్జిన్ పరుపుకు చర్మంలోని నూనె పట్టి రెండూ అంటుకుంటాయి. మెత్తటి స్పాంజి పరుపు మీద తెల్లటి నూలు దుప్పటి పరిచి, కాళ్లూ చేతులూ చాపి, వెల్లకిలా ఉంచడం మంచిది. మోకాలు మడిచి వదిలేస్తే మడతలో నెర్రె పడుతుంది. అలా పడిన చిన్న చీలికను తయారీదారులు పంపే ద్రావకపు జిగురుతో, సూదిమొనతో పలచగా రాసి, అంచులు కలిపి ఒక రోజు కదపకుండా ఉంచితే అతుక్కుంటుంది. క్షణంలో అతికే జిగుర్లు గాజులా గట్టిపడి, పక్కనే కొత్త చీలిక తెస్తాయి. ఎలుక కొరికిన చిటికెన వేలును మాత్రం నేను బాగుచేయలేకపోయాను. కోతలప్పుడు చేలల్లోంచి ఊరి మీద పడే ఎలుకలకు ఈ నూనె చర్మం రుచిగానే ఉన్నట్టుంది. గది గుమ్మానికి కింద రేకు కొట్టించాను.

రోహిణి కార్తెలో బెడద వేరుగా ఉంటుంది. రేకుల కప్పు కింద గది కాగిపోయి నూనె ఊరడం ఎక్కువవుతుంది, దుప్పటి మీద మనిషి ఆకారంలో తడిమచ్చ పడుతుంది. ఆ రోజుల్లో బొమ్మను పెంకుటింటి నడిమి గదికి మార్చి, బంధువులు వస్తారంటే తాళం వేసుకుంటాను.

అక్టోబరు దెబ్బ తరువాత తేమ చూపే చిన్న మీటరు ఒకటి గోడకు తగిలించాను. 70 దాటితే బొమ్మ పక్కన తేమ లాగే సిలికా జెల్ గోళీల సంచులు పెట్టి కిటికీలు మూస్తాను. నీలి గోళీలు తేమ పీల్చి గులాబీ రంగుకు తిరిగాక, పెనం మీద సన్న సెగన వేడిచేస్తే మళ్లీ నీలమవుతాయి. ఆ నీలం కోబాల్టు లవణానిది, విషం. అందుకని ఆ పెనాన్ని వంటింట్లోకి రానివ్వకుండా, పిడికి ఎర్రదారం కట్టి వసారాలో మేకుకు వేలాడదీశాను.