సూదికి మూడు నడకలు

మన కళాశాల దుస్తుల తయారీ విభాగంలో చదివినవారికి నిట్టింగ్ (అల్లిక) ల్యాబ్ గుర్తుండే ఉంటుంది. అక్కడి చేతి యంత్రాల మీద మేము ఏడాది పొడవునా చేసిన పని స్వెటర్లు అల్లడం కాదని చెబితే మాత్రం బయటివాళ్లు ఇప్పటికీ నమ్మరు. చేసినవన్నీ దాదాపు జానెడు నమూనా ముక్కలే. ఒకే దారం, ఒకే యంత్రం, ఒకే బిగువు ఉంచి, సూది కదిలే తీరును మాత్రం మార్చినప్పుడు బట్ట ఏమవుతుందో చూడడమే ఆ ల్యాబ్‌లో అసలు చదువు.

నేను వరంగల్ కొత్తవాడ నేతకారుల ఇంటి పిల్లను. జంపఖానా మగ్గాల నడుమ పెరిగినవారికి బట్ట అంటే పడుగు, పేక, అంటే నిలువు దారాలు, అడ్డం దారాలు. ఈ రెండూ లేకుండా బట్ట పుడుతుందనే ఊహే రాదు. నేను అల్లిన మొదటి ముక్కను ఇంటికి తీసుకువెళ్తే మా బాపు రెండు చేతులా పట్టి సాగదీసి, “దీంట్ల పడుగేడున్నది బిడ్డా?” అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. అల్లికలో ఒక్క దారమే ఉచ్చులుగా వంగి, పాత ఉచ్చులోంచి కొత్త ఉచ్చు బయటికి వస్తూ, వరుస మీద వరుసగా పేరుకుంటుంది. లాగినప్పుడు ఉచ్చు ఆకారం మార్చుకోగలదు కనుకనే ఆ బట్ట సాగుతుంది, వదిలితే దగ్గరవుతుంది. నేతలో దారం ఇంచుమించు తిన్నగా ఉంటుంది కాబట్టి దానికి ఆ వెసులుబాటు లేదు.

మా ఒంటి బెడ్ యంత్రంలో, అంటే సూదులు అమర్చిన పలక ఒక్కటే ఉన్నదానిలో, 200 సూదులు, ఒక్కో సూదికీ నడుమ 4.5 మిల్లీమీటర్ల ఎడం. ఇంగ్లండులో విలియం లీ 1589లో మేజోళ్ల మగ్గం తయారుచేసినప్పుడు సూది కొక్కెం స్ప్రింగులా వంగేది. దాన్ని మూయడానికి పైనుంచి ఒక పట్టీ నొక్కవలసి వచ్చేది. కొక్కేన్ని తెరిచి మూసే చిన్న నాలుక, అంటే లాచ్, ఉన్న సూది వచ్చాక ఆ అవసరం తీరింది. సూది ముందుకు సాగినప్పుడు పాత ఉచ్చు చిన్న లాచ్‌ను తెరుచుకుంటూ కాడ మీదికి జారుతుంది. కొక్కెం కొత్త దారాన్ని అందుకొని వెనక్కి వస్తుంటే అదే పాత ఉచ్చు లాచ్‌ను మూసి, దాని మీదుగా దాటి కింద పడుతుంది. సూదుల మీదుగా అటూ ఇటూ తిరుగుతూ వాటిని కదిలించే క్యారేజీని చేత్తో మెల్లగా జరిపితే ఈ తతంగమంతా కంటికి కనిపిస్తుంది. మోటారు యంత్రం దగ్గర ఎంతసేపు నిలబడ్డా కనిపించదు.

సూది పూర్తిగా ముందుకు వెళ్లి ఉచ్చు దాటిస్తే నిట్. దారాన్ని అందుకుని కూడా పాత ఉచ్చును వదలకపోతే టక్. అసలు కదలకపోతే మిస్. మా మేడం మొదటి వారమే బోర్డు మీద ఈ మూడు గుర్తులు వేసి, ఇక మిగిలినదంతా వీటి కూర్పులేనన్నారు. అప్పుడు అతిశయోక్తి అనిపించింది కానీ, ఒక సూది మీది ఉచ్చును పక్క సూదికి మార్చి రంధ్రాలు తెప్పించే పనిని మినహాయిస్తే ఆ మాట ఇంచుమించు నిజమే.

నన్ను ఎక్కువకాలం పట్టి నిలిపింది టక్. సూది విడిచి సూదిని ముందుకు లాగి ఆపి, రెండు మూడు వరుసలు నడిపి, తరువాత అన్నిటినీ కలిపి అల్లితే, ఆ సూదుల కొక్కెంలో పాత ఉచ్చుతో పాటు కొత్త దారపు మడతలు కూడా చేరతాయి. అవి పాత ఉచ్చులోంచి దూరి రావు కనుక వాటి కాళ్లు ఇరుపక్కలా చాపుకుని పొరుగు ఉచ్చులను నెడతాయి. అందుకే బట్ట వెడల్పవుతుంది. వరుసలు ఒకచోట కుప్పపడడం వల్ల పొడవు తగ్గుతుంది. మధ్య మధ్య తేనెపట్టు గదుల్లాంటి గుంతలు ఏర్పడి దళసరి అవుతుంది. సాదా ముక్కనూ టక్ ముక్కనూ అవే సూదుల మీద, అన్నే వరుసలు అల్లి పక్కపక్కన పెడితే ఒకే యంత్రం మీదివని చెప్పడం కష్టం. అయితే దీనికి హద్దుంది. కొక్కెం పట్టేంత దారమే పడుతుంది, పైగా పక్కపక్క సూదులు రెండూ టక్ చేస్తే దారం వదులుగా వేలాడుతుంది.

మిస్ ఇందుకు ఎదురు. సూది కదలని చోట దారం వెనుక తిన్నగా పోతుంది. ఉచ్చుకు పట్టేదానికన్నా తక్కువ దారం పట్టడంతో బట్ట సన్నబడి, సాగుడు తగ్గి, గట్టిపడుతుంది. రెండు రంగుల పువ్వుల స్వెటర్ వెనుక వేలికి తగులుకునే దారాలు ఇవే.

ఒంటి బెడ్ మీద అల్లిన సాదా బట్టకు ఒక మొండితనం ఉంది. పక్క అంచులు వెనక్కి, పై కింది అంచులు ముందుకు చుట్టుకుంటాయి. ఎంత ఇస్త్రీ చేసినా ఆ గుణం పోదు. దీనికి మందు ఎదురెదురుగా రెండు బెడ్లున్న యంత్రం. అమెరికాకు చెందిన ఐజాక్ లాంబ్ 1863లో పేటెంట్ పొందిన ఫ్లాట్ యంత్రం నుంచి వచ్చిన సంతతి అది. ఒక ఉచ్చు ముందుకి, ఒక ఉచ్చు వెనక్కి పడే రిబ్‌లో రెండు వైపుల లాగుడు సరితూగి అంచు తిన్నగా నిలుస్తుంది, అడ్డంగా బాగా సాగుతుంది. బడి స్వెటర్ల ముంజేతి పట్టీలన్నీ రిబ్బే. అదే యంత్రం మీద ఒక బెడ్ మాత్రం వరుస విడిచి వరుస టక్ చేస్తే హాఫ్ కార్డిగన్ అనే అల్లిక, రెండు బెడ్లూ వంతులవారీగా చేస్తే ఫుల్ కార్డిగన్. రెండోది ఎంత దళసరి అంటే, వరంగల్ చలికి అంత అవసరమా అని మేము నవ్వుకునేవాళ్లం.

ఇంటి మగ్గానికీ ల్యాబ్‌కూ బంధం కుదిరింది ఆఖరున. సూదులన్నిటినీ ముందుకు లాగి, వేరే దారాన్ని ఒక సూది మీదుగా, తరువాతి సూది కిందుగా చేత్తో పరిచి, ఆపైన క్యారేజీని నడిపితే, ఆ దారం ఉచ్చు కాకుండానే అల్లికలో చిక్కుకుని నిలుస్తుంది. కొక్కెంలోకి దూరవలసిన పని లేదు కనుక ఎంత లావు దారమైనా సరే. జంపఖానాలో మిగిలిన లావు నూలును ఈ తీరున పరిచాను. అల్లేటప్పుడు మన వైపు కనిపించే ముఖం మీద నేతను పోలిన గళ్లు తేలాయి, అడ్డం సాగుడు చాలా తగ్గింది. అల్లడానికి మాత్రం నూలు కన్నా అక్రిలిక్ వాడడమే మేలు. నూలులో సాగే గుణం తక్కువ. మైనం రుద్దకపోతే సూది సూదికీ పట్టేస్తుంది.

రంధ్రాలు కొట్టిన కార్డును బట్టి సూదులను తానే ఎంచుకునే పంచ్ కార్డు యంత్రం మాకు లేకపోవడం లోటని అప్పట్లో అనుకునేవాళ్లం. నా మట్టుకు అది అదృష్టం. ఇరవై నాలుగు సూదుల నమూనాను కార్డే ఎంచిపెడితే డిజైన్ తొందరగా వస్తుంది కానీ, ఏ సూది ఎందుకు ఆగిందో చేతికి తెలియదు. ప్రతి ముక్కకూ దారం, బిగువు అంకె, వరుసల క్రమం రాసిన చీటీ కుట్టి, యంత్రం నుంచి తీసిన వెంటనే కాక, ఉతికి ఆరేసి ఒక రాత్రి వదిలేశాకే కొలవాలన్న మేడం నియమం మాకు విసుగు పుట్టించేది. యంత్రం మీద బరువులకు వేలాడిన ముక్క ఆ క్షణాన అసలు కన్నా పొడవుగా ఉంటుంది మరి.

ఇప్పుడు నేను పనిచేసే చోట కంప్యూటర్ ఫ్లాట్ యంత్రాలు ఉన్నాయి. తెర మీద గడి గడికీ పెట్టే గుర్తులు నిట్, టక్, మిస్, ఆపైన ఉచ్చు మార్పిడి. కొత్తగా చేరిన పిల్లలకు వాటిని చూపించే ముందు నా పాత ఫైలు తెరిచి టక్ ముక్కను, మిస్ ముక్కను చేతికిచ్చి లాగి చూడమంటాను. ఫైలు అట్టలు చిరిగాయి. ముక్కల మీది చీటీలు మాత్రం ఇంకా చదవడానికి వీలుగానే ఉన్నాయి.