చార్జర్ వచ్చింది, కారు రాలేదు

మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో నా పార్కింగ్ పక్క గోడకి ఒక తెల్ల డబ్బా బిగించి ఉంది. రాత్రిపూట దాని మీద ఆకుపచ్చ లైటు మిణుకు మిణుకుమంటూ ఉంటుంది. అంటే నేను రెడీ, కారు తెచ్చి ప్లగ్గు పెట్టండి అని అర్థం. నెల రోజుల నుంచి అది అలా పిలుస్తూనే ఉంది, దాని ముందు మాత్రం మూడో అంతస్తు వాళ్లబ్బాయి స్కూటరూ, ఎవరింటికో వచ్చిన చుట్టాల కారూ నిలబడుతున్నాయి. ఖాళీగా ఉంది కదా అన్నా, పెట్టుకుంటే తప్పేంటి అంటారు. తప్పేం లేదు, ఖాళీగానే ఉంది.

ఎలక్ట్రిక్ కారు బుక్ చేసింది 2025 జూన్ 22న. ఆదివారం. ఆ గురువారం నుంచి ఆషాఢం వచ్చేస్తుంది, ఈలోపే అడ్వాన్స్ కట్టేయండి అని మా అత్తగారు ఫోన్ మీద ఫోన్. ఆషాఢంలో బండి ఇంటికి తేకూడదంటారు గానీ బుకింగ్‌కి కూడా ఆ లెక్క ఉందని నాకు అప్పుడే తెలిసింది. సరే, 21,000 కట్టి రసీదు తీసుకున్నాను. షోరూమ్ పేరూ కంపెనీ పేరూ చెప్పను, ఇంకా వాళ్లతోనే పని ఉంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు అన్నాడు సేల్స్ అబ్బాయి. "కరెక్టుగా శ్రావణంలో వస్తుంది సార్, వరలక్ష్మీ వ్రతం రోజు మేడమ్ చేత కొబ్బరికాయ కొట్టిద్దాం." మా ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఆ అబ్బాయికి బ్యాటరీ గురించి పెద్దగా తెలియదు గానీ పంచాంగం మాత్రం కంఠతా వచ్చు, ఆ సంగతి తర్వాత చెప్తాను.

అసలు ఎందుకు కొంటున్నానో చెప్పాలి కదా. మేముండేది వనస్థలిపురం, ఆఫీసు గచ్చిబౌలి. రానూపోనూ అరవై కిలోమీటర్ల పైనే, పండగలూ పబ్బాలూ కలిపి నెలకు 1500 వేసుకోండి. మా పాత పెట్రోలు కారు ఈ ట్రాఫిక్‌లో లీటరుకి 14 ఇస్తే గొప్ప. అంటే 107 లీటర్లు, హైదరాబాదులో లీటరు కూడా అప్పట్లో దాదాపు 107 రూపాయలే, మొత్తం పదకొండు వేలు దాటుతుంది. అదే కరెంటు కారు యూనిట్‌కి ఏడు కిలోమీటర్లు నడిచినా 215 యూనిట్లు, మా ఇంటి వాడకానికి పై స్లాబులో యూనిట్ తొమ్మిది రూపాయలు వేసుకున్నా రెండు వేలు దాటదు. దీనికి తోడు తెలంగాణలో 2024 నవంబర్ 18 నుంచి ఎలక్ట్రిక్ బండ్లకి రోడ్ టాక్సూ రిజిస్ట్రేషన్ ఫీజూ తీసేశారు, 2026 డిసెంబర్ 31 దాకా. పది లక్షలు దాటి ఇరవై లోపున్న పెట్రోలు కారుకైతే నేను బుక్ చేసేనాటికి 17 శాతం లైఫ్ టాక్స్ ఉండేది. పదిహేను లక్షల బండి మీద రెండున్నర లక్షలు మిగిలాయంటే ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది.

ఈ లెక్కలన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. మా ఆవిడ దాని కింద పెన్సిల్‌తో ఇంకో లెక్క రాసింది: కారు రాని ప్రతి నెలకీ నష్టం 9,000. ఇప్పుడు ఆ 9,000 పక్కన రెండు గీతలున్నాయి, మూడోది ఈ వారం పడుతుంది.

ఆగస్టు 3న సేల్స్ అబ్బాయి ఫోన్ చేశాడు. "సార్, కంగ్రాట్స్, మీ బండి యార్డుకి వచ్చేసింది. చిన్న సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉంది, అదవ్వగానే డెలివరీ." నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. ఆ మాట నమ్మి, మరుసటి రోజే పాత కారు అమ్మేశాను. షోరూమ్ వాళ్ల ఎక్స్‌ఛేంజ్ ధర కంటే నలభై వేలు ఎక్కువ ఇస్తానని మా ఆఫీసులో ఒకాయన బావమరిది అప్పటికే వెంట పడుతున్నాడు, ఇచ్చేశాను. (అమ్మేవాళ్లకి ఒక మాట: పాత ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి నో క్లెయిమ్ బోనస్ లెటర్ తీసుకోవడం మర్చిపోకండి. ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే కొత్త కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే మన బండికి జరిగే నష్టం కోసం కట్టేదాంట్లో, సగం తగ్గుతుంది. నేను ఈ మొత్తం వ్యవహారంలో చేసిన ఒకే ఒక్క తెలివైన పని అదే.)

ఆగస్టు 8న వరలక్ష్మీ వ్రతం. అమ్మవారు వచ్చింది, కారు రాలేదు. ఆగస్టు 27 వినాయక చవితికి పక్కా అన్నాడు. వినాయకుడు వచ్చాడు, నిమజ్జనం కూడా అయిపోయింది. సెప్టెంబర్ మొదటివారంలో నేనే షోరూమ్‌కి వెళ్లి కూర్చున్నాను. కాఫీ ఇచ్చారు. మేనేజర్ వచ్చి చాలా గంభీరంగా, "చైనా మ్యాగ్నెట్ ఇష్యూ సార్, ఇండస్ట్రీ మొత్తం ఇదే పరిస్థితి" అన్నాడు.

ఆ రాత్రి కూర్చుని ఆ మ్యాగ్నెట్ల గురించి చదివాను. అబద్ధమేమీ కాదు. ఇలాంటి కార్ల మోటారులో తిరిగే భాగంలో నియోడిమియం అయస్కాంతాలుంటాయి, వేడికి వాటి బలం తగ్గకుండా డిస్ప్రోసియం, టెర్బియం లాంటివి కొద్దిగా కలుపుతారు. 2025 ఏప్రిల్ 4న చైనా ఇలాంటి ఏడు రకాల ఖనిజ మూలకాల మీదా, వాటితో చేసే అయస్కాంతాల మీదా ఆంక్షలు పెట్టింది, లైసెన్స్ లేకుండా బయటికి పంపడానికి లేదు. మన దేశంలో కార్ల కంపెనీలు అప్పటి నుంచి నానా తంటాలు పడుతున్నాయి. ఇంతవరకు బాగానే ఉంది. కానీ నాకు పడుకున్నాక ఒక సందేహం వచ్చి, లేచి కూర్చున్నాను. పొద్దున్నే ఫోన్ చేసి అడిగాను, "బాబూ, నా బండి నెల కింద యార్డుకి వచ్చిందన్నావు కదా, మరి మోటారు లేకుండానే వచ్చిందా?" అటువైపు చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత "కనుక్కుని చెప్తాను సార్" అన్నాడు.

కారు సంగతి ఇలా ఉంటే చార్జర్ వాళ్లు మాత్రం చెప్పిన రోజుకే దిగారు. అక్కడా కథ ఉంది. మా అసోసియేషన్ సెక్రటరీ గారు రిటైరైన లెక్చరర్, సెల్లార్లో బ్యాటరీ కారు పెడితే బిల్డింగ్ మొత్తం కాలిపోతుందని ఆయనకి గట్టి నమ్మకం. నేను వాదించలేదు. సొంత కరెంటు కనెక్షన్ మీదే ఇంట్లో బండి చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాల్లో ఉంది, ఆ పేజీ ప్రింట్ తీసి, కింద గీత గీసి ఇచ్చాను. లెక్చరర్ కదా, కాగితం చూస్తే మెత్తబడ్డారు. చివరికి రెండు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు నా ఖర్చుతో పెట్టించే ఒప్పందం మీద సరే అన్నారు.

లోడు పెంచమని దరఖాస్తు పెట్టి, అదనపు కిలోవాట్లకు డబ్బు కట్టాక మీటరు మార్చారు. మీటర్ల బోర్డు నుంచి నా స్లాట్ దాకా వైరు 34 మీటర్లు, అందులో 15 మాత్రమే ఉచితం, మిగతాదానికి మీటరు లెక్కన గుంజారు. అన్నీ బిగించి స్విచ్ వేస్తే ఎర్ర లైటు. టెక్నీషియన్ మల్టీమీటర్ పెట్టి చూశాడు, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 11 వోల్టులు. "ఎర్తింగ్ చచ్చిపోయింది సార్, పన్నెండేళ్ల బిల్డింగు, ఎప్పుడైనా నీళ్లు పోశారా?" అన్నాడు. ఎర్తింగ్‌కి నీళ్లు పోయాలని మా అపార్ట్‌మెంట్లో నలభై ఫ్లాట్ల వాళ్లలో ఒక్కరికీ తెలియదు. మన ఇళ్లలో ఫ్రిజ్జూ గీజరూ ఇన్నేళ్లూ దేవుడి దయ వల్ల నడుస్తున్నాయన్నమాట. ఈ చార్జర్‌కి మాత్రం ఆ దయ చాలదు, ఎర్త్ సరిగా లేకపోతే మొండికేస్తుంది.

దాంతో వెనక కరివేపాకు చెట్టు పక్కన ఎనిమిది అడుగుల గొయ్యి తవ్వించాం. అడుగున రాడ్డు దింపి, ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు, మళ్లీ బొగ్గు, మళ్లీ ఉప్పు, ఆవకాయ జాడీ నింపినట్టు నింపి, పైన మట్టి కప్పి నాలుగు బిందెల నీళ్లు పోశారు. మళ్లీ మీటరు పెడితే ఒక వోల్టు కూడా లేదు. ఆకుపచ్చ లైటు వెలిగింది. వాచ్‌మన్ చప్పట్లు కొట్టాడు. ప్రతి ఆదివారం ఆ గుంటలో బిందెడు నీళ్లు పోసే డ్యూటీ ఇప్పుడు అతనిదే, కరివేపాకు చెట్టు ఎండిపోతే తన పూచీ లేదని ముందే చెప్పాడు.

సెప్టెంబర్ 22న జీఎస్టీ తగ్గింది గుర్తుందా. చిన్న పెట్రోలు కార్లకి 28 ఉన్నది 18 అయింది. ఎలక్ట్రిక్ కార్లకి 2019 ఆగస్టు నుంచీ ఐదే, ఇప్పుడూ ఐదే, నాకు ఒరిగిందేమీ లేదు. ఆ వారంలో మా వింగ్‌లో రెండు కొత్త పెట్రోలు కార్లు దిగాయి. ఒకాయన స్వీట్ బాక్స్ తెచ్చిచ్చి, "మీది ఇంకా రాలేదా? మేము సోమవారం బుక్ చేశాం, శనివారం ఇచ్చేశారు" అన్నాడు. స్వీటు బాగుంది.

దసరాకి మా ఊరు వెళ్లాం, సూర్యాపేట దాటాక లోపలికి. అసలు ఈ కారు కొన్నదే ఈ దారి కోసం, ఇంటి దగ్గర నుంచి వెళ్లి రావడానికి 260 కిలోమీటర్లు, ఒక్క చార్జింగ్‌తో అయిపోతుందని లెక్కేసుకుని. చివరికి ఎల్బీ నగర్‌లో ఆర్టీసీ బస్సు ఎక్కి, పండగ రద్దీలో నార్కట్‌పల్లి దాకా నిలబడి వెళ్లాం. కిటికీలోంచి హైవే హోటళ్ల ముందు చార్జర్లు కనిపిస్తే లెక్కపెట్టాను, మా ఆవిడ ఒక చూపు చూసింది, ఆపేశాను. నాన్న మాత్రం తన గదిలో ఏసీ కోసం పెట్టించిన పెద్ద ప్లగ్గు దగ్గర నుంచి మంచం జరిపించి ఉంచాడు, వైరు కిటికీలోంచి బయటికి వేసుకోవచ్చని. బస్సు దిగి సంచులతో నడిచొస్తున్న మమ్మల్ని చూసి, "ఏరా, కరెంటు కారు అన్నావు, కరెంటు పోయిందా?" అన్నాడు.

ఇక్కడ అపార్ట్‌మెంట్లో ఆయుధ పూజ రోజు అందరూ బండ్లు కడిగి, నిమ్మకాయలు తొక్కించి, దండలు వేశారట. మేము ఊరికి బయల్దేరే ముందే మా ఆవిడ చార్జర్‌కి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, ఒక బంతిపూల దండ వేసింది. సెక్రటరీ గారు దాన్ని ఫోటో తీసి గ్రూపులో పెట్టారు.

నన్ను ఎక్కువ బాధ పెట్టింది ఆలస్యం కాదు, నిజం చెప్పకపోవడం. నాలుగు నెలలు పడుతుందని జూన్‌లోనే చెప్తే పాత కారు ఉంచుకునేవాణ్ణి, ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి రాయదుర్గం దాకా రోజూ నిలబడి వెళ్లే పని ఉండేది కాదు. లోన్ గడువు కూడా తీరిపోయి బ్యాంకు వాళ్లు మళ్లీ మూడు నెలల జీతం కాగితాలు అడుగుతున్నారు. అడిగిన ప్రతిసారీ ఒక పండగ పేరు చెప్తారు తప్ప తేదీ చెప్పరు. పండగ అనేసరికి మనం కూడా అడగడం ఆపేస్తాం, మంచి రోజు అన్నాడు కదా అని.

మొన్న ఆదివారం ఉండబట్టలేక నేనే శంషాబాద్ వైపు ఉన్న వాళ్ల యార్డుకి ఆటోలో వెళ్లాను. ముందు రోజే సేల్స్ అబ్బాయి అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉండే చాసిస్ నంబరు మెసేజ్ పెట్టాడు, అది పట్టుకుని. యార్డు కాపలా ఆయన మంచివాడు, టీ డబ్బులు కూడా తీసుకోలేదు, నాతో పాటు వరసలన్నీ తిరిగాడు. దొరికింది. నాలుగో వరసలో, రెండు తెల్ల కార్ల మధ్య, నేను అడిగిన నీలం రంగే. మీద దుమ్ము మందంగా ఉంది, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉన్నాయి. అద్దానికి ముఖం ఆనించి లోపలికి చూశాను. ఎందుకో గొంతు పట్టేసింది, కారుని చూసి ఇలా అయిపోతానని నేను అనుకోలేదు.

తర్వాత చతికిలబడి టైరు చూశాను. టైరు పక్క గోడ మీద చిన్న గుండ్రటి గడిలో నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. వేలితో దుమ్ము తుడిచాను. 3625. అంటే 2025లో ముప్ఫై ఆరో వారం, సెప్టెంబర్ మొదటివారం. నాలుగు టైర్లూ చూశాను, అన్నీ అవే అంకెలు. ఆగస్టు 3న యార్డుకి వచ్చేసిందన్న నా బండికి అప్పటికి టైర్లు కూడా పుట్టలేదు.

ఫోటో తీసి సేల్స్ అబ్బాయికి పంపాను, కింద ఏమీ రాయలేదు. చూసినట్టు రెండు నీలం టిక్కులు పడ్డాయి. పావుగంట తర్వాత దండం బొమ్మ ఒకటి వచ్చింది, దాని వెనకే ఇంకో మెసేజ్.

"సార్, 18వ తారీఖు శనివారం ధన త్రయోదశి. చాలా మంచి రోజు."