మా పార్కును ఒక అడుగు కిందికి దించుదాం

మా కాలనీకి సీసీ రోడ్డు శాంక్షన్ అయింది. బురద పోతుందని అందరూ సంతోషంగా ఉన్నారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. వాననీటి పారుదల మీద రీసెర్చ్ చేస్తున్నాను కాబట్టి, రోడ్డంటే ముందు దాని మీద పడే నీళ్లే గుర్తొస్తాయి.

హెక్టారు స్థలంలో గంటకు 5 సెంటీమీటర్ల వాన పడితే 5 లక్షల లీటర్లు. గడ్డి, మట్టి ఉన్న నేల అయితే అందులో సుమారు పావు వంతే బయటికి పారుతుంది. కాంక్రీటు పరిస్తే నాలుగున్నర లక్షల దాకా పోతుంది, అదీ చాలా తొందరగా. ఈ లెక్కకు మూలమైన సూత్రాన్ని అమెరికాలోని రోచెస్టర్‌లో ఎమిల్ కూచ్లింగ్ 1889లోనే ప్రచురించాడు. ఇప్పటికీ చిన్న డ్రైన్ల డిజైన్ దాంతోనే మొదలవుతుంది.

నాలాలు వెడల్పు చేస్తే చాలదా అని అడుగుతారు. చేయాల్సిందే. కానీ పైనున్న కాలనీ నీళ్లు ఎంత త్వరగా దిగితే, పల్లంలోని బస్తీ అంత త్వరగా మునుగుతుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్ శివార్లలోని ఘట్‌కేసర్ దగ్గర ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. ఆ నెలలోనే పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి పాతబస్తీ వైపు కాలనీలు మునిగాయి.

మన గొలుసుకట్టు చెరువుల్లో పైచెరువు నిండాకే మత్తడి (అలుగు) దుంకి నీళ్లు కింది చెరువుకు పోయేవి. వరద ఒక్కసారిగా మీద పడకుండా అదే ఆపేది. ఎండాకాలానికి చెరువు ఖాళీ అయ్యేది కాబట్టి తొలి వానలకు చోటుండేది. ఇప్పుడు చాలా చెరువులు మురుగుతో ఏడాదంతా నిండే ఉంటున్నాయి. నిండిన చెరువు వరదను ఏం ఆపుతుంది? కబ్జాల గురించి మాట్లాడినంతగా దీని గురించి ఎవరూ మాట్లాడరు, నాకు బాధనిపించేది అదే.

ఇక ఇళ్ల సంగతి. 200 గజాల డాబా మీద అదే 5 సెంటీమీటర్ల వానకు 8 వేల లీటర్లు దాటి పడతాయి, అంటే ఒకటిన్నర ట్యాంకర్. మీటరు పొడవు, మీటరు వెడల్పు, రెండు మీటర్ల లోతున్న ఇంకుడు గుంతలో కంకర నింపాక ఒకేసారి పట్టేది 800 లీటర్లకు అటూ ఇటూ. పైగా మన దగ్గర చాలాచోట్ల కింద రాయి, నీళ్లు నెమ్మదిగా ఇంకుతాయి. అందుకే డాబా నీళ్లు ముందు సంపులోకి, పొర్లినవే గుంతలోకి వెళ్లాలంటాను. వానాకాలానికి ముందు గుంత పైపొర తీసి ఒండ్రు కడగకపోతే అది పేరుకే గుంత.

అసోసియేషన్‌ను నేను అడిగినవి రెండే. రోడ్డుకు రెండు వైపులా మట్టి వదలండి. మట్టి పోసి ఎత్తు చేసిన పార్కును రోడ్డు కన్నా ఒక అడుగు కిందికి దించి, రోడ్డు నీళ్లు లోపలికి వచ్చేలా చుట్టూ గోడకు అక్కడక్కడా సందులు పెట్టండి. వెయ్యి గజాల పార్కులో అడుగు లోతంటే రెండున్నర లక్షల లీటర్లు ఆగుతాయి.

"మరి పిల్లలు ఎక్కడ ఆడుకుంటారమ్మా?" అని ప్రెసిడెంట్ అంకుల్ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. "పార్కు అడుగున చిన్న పైపు పెట్టి, వాన వెలిశాక నీళ్లను మెల్లగా నాలాలోకి వదులుదాం అంకుల్, మర్నాటికల్లా ఖాళీ అవుతుంది" అని చెప్పాను. ఆదివారం మీటింగ్‌కు డ్రాయింగ్, ఖర్చు లెక్క తెమ్మన్నారు. పైపు సైజు లెక్క వేస్తున్నాను.