వడగళ్ళు, అడ్జస్టర్, మా ఇంటి రూఫ్: నా అనుభవం

నిన్ననే కొత్త రూఫ్ పడింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా. మేముండేది డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో, వడగళ్ళకి మా వీధి వీధంతా దెబ్బతింది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ వేయడం ఫోన్‌లో అయిపోయే పని, దానికేం కష్టం లేదు.

అసలు గోల అడ్జస్టర్ (నష్టం చూసి తేల్చడానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపే మనిషి) వచ్చిన రోజు. అతను చూసేటప్పుడు మన తరఫు మనిషి కూడా పైన ఉండాలంటారు కదా అని రూఫింగ్ మేస్త్రీని రమ్మన్నాను. మెక్సికన్ కుటుంబం, ఈ చుట్టుపక్కల సగం ఇళ్ళు వాళ్ళ మనుషులే కప్పారు. అడ్జస్టర్ కారు దిగుతూనే నాతో ఒక్కో మాటా విడగొట్టి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు ఇంగ్లీషు మొదలుపెట్టాడు. సరే, అది నాకు అలవాటే. మేస్త్రీ నిచ్చెన ఎక్కబోతే మాత్రం, అతని ఎదురుగానే, "ఇతనికి కాగితాలున్నాయా?" అని, అంటే ఈ దేశంలో ఉండే హక్కుందా అని, నన్నడిగాడు. నాకు నోట మాట రాలేదు. "శాన్ ఆంటోనియోలో పుట్టాను సార్" అని మేస్త్రీ అచ్చమైన టెక్సస్ యాసలో చెప్పి, నిచ్చెన కదలకుండా పట్టుకుని నిలబడ్డాడు. అడ్జస్టర్ పైకెళ్ళి ఇలా చూసి అలా దిగి, రూఫ్ పాతబడింది, వడగళ్ళ దెబ్బ కాదన్నాడు. క్లెయిమ్ కొట్టేశారు.

మేస్త్రీ వాళ్ళ తాత బ్రసేరో ఒప్పందం కింద పత్తి తీయడానికి వచ్చాడట. 1942 నుంచి 1964 దాకా అమెరికా ప్రభుత్వమే మెక్సికోతో ఒప్పందం చేసుకుని కూలీలను రప్పించుకుంది. అసలు 1836 దాకా టెక్సస్ మెక్సికోలో భాగమే. 2022 జనాభా అంచనాల్లో ఇక్కడ లాటినోలు (మెక్సికో లాంటి లాటిన్ అమెరికా దేశాల మూలాలున్నవాళ్ళు) తెల్లవాళ్ళను దాటేశారు. అయినా కాగితాలు అడిగేది వాళ్ళనే. మా తెలుగు వాట్సాప్ గ్రూపులో మరీ విడ్డూరం, పొద్దున మెక్సికో సరిహద్దు గోడ ఇంకా ఎత్తు కట్టాలని మెసేజ్ పెట్టినాయనే సాయంత్రం "చవగ్గా చేసే అమిగో నంబరు ఎవరి దగ్గరైనా ఉందా?" అంటాడు (అమిగో అంటే స్పానిష్‌లో స్నేహితుడు, ఆయన ఉద్దేశం మెక్సికన్ పనివాడని). గ్రీన్‌కార్డు క్యూలో నిలబడి మనం ఈ మాటలనడం సిగ్గుచేటు.

కొట్టేశారని వదిలేయకండి, మళ్ళీ ఇన్‌స్పెక్షన్ అడగండి. రెండోసారి వేరే అడ్జస్టర్ వచ్చింది. మేస్త్రీ సుద్దముక్కను పడుకోబెట్టి రూఫ్ మీది రేకు వెంట్ (గాలి గొట్టం) మీద రుద్దితే, సొట్ట పడ్డ చోటల్లా సుద్ద అంటక గుండ్రటి మచ్చలు తేలాయి. షింగిల్స్ (రూఫ్ మీద పరిచే పలకలు) మీద పదడుగుల చదరం గీసి అందులో దెబ్బలు ఆమె చేతే లెక్కపెట్టించాడు. క్లెయిమ్ పాసైంది. చెక్కు మీద ఇంటి లోన్ కంపెనీ సంతకం కూడా కావాలి, దానికి ఓపిక పట్టండి. డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో మన జేబులోంచి పెట్టుకోవాల్సిన వాటా) మేమే చూసుకుంటామనే రూఫర్‌ని నమ్మకండి, 2019 నుంచి టెక్సస్‌లో అది నేరం. మనవాళ్ళు కొందరు అదేదో గొప్పలా చెప్పుకుంటారు.

పని ఒక్క రోజులో అయిపోయింది. ఇమిగ్రేషన్ దాడుల భయంతో కొందరు రాలేదట, ఉన్నవాళ్ళే చీకటి పడేదాకా చేశారు. మధ్యాహ్నం ట్రక్కు వెనక చిన్న స్టవ్ మీద టోర్టియాలు వేడిచేసుకుంటుంటే మా అత్తగారు వెళ్ళి చూసి, జొన్నరొట్టెలా చేత్తోనే తిప్పుతున్నారే అని ముచ్చటపడింది.

గోడాయన ఇవాళ ఫోన్ చేసి మేస్త్రీ నంబరు అడిగాడు. ఇచ్చాను. బేరాలు కుదరవని మేస్త్రీయే చెప్తాడు.