నా నడుముకు తెరిచిన ఖాతా

మాది బాపట్లలో చిన్న కిరాణా కొట్టు. 22 ఏళ్ళుగా బస్తాలు ఎత్తుతున్నాను, దించుతున్నాను. పోయినేడు శ్రావణమాసంలో ఒక పొద్దున వ్యాను అబ్బాయి గుమ్మానికి అడ్డంగా దించిపోయిన బియ్యం బస్తాను పక్కకు లాగుదామని వంగాను. ఎత్తను కూడా ఎత్తలేదు. వంగి, నడుము కాస్త పక్కకు తిప్పానంతే. అక్కడే బస్తా మీద బోర్లా పడిపోయాను.

అది బీపీటీ బియ్యం. ఆ వరి వంగడం పుట్టింది మా ఊరి వ్యవసాయ పరిశోధన కేంద్రంలోనే కాబట్టి సొంత ఊరి బియ్యమే నన్ను పడేసిందన్నమాట. 25 కిలోల దాకా ప్యాకింగ్ బియ్యం మీద జీఎస్టీ పడ్డాక మిల్లుల వాళ్ళు 26 కిలోల బస్తాలు కట్టడం మొదలుపెట్టారు కదా, "ఆ ఒక్క కిలోనే మీ నడుము విరగ్గొట్టింది" అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

రెండు రోజులు నడుము పట్టేసిందనుకుని బామ్ రాసుకుని, వేడినీళ్ళ కాపడం పెట్టుకుని పడుకున్నాను. మూడో రోజు పొద్దున్నే లేచేసరికి నడుములో నొప్పి సగానికి సగం లేదు. హమ్మయ్య అనుకుని కొట్టు తీశాను. మధ్యాహ్నానికి అది ఎడమ పిరుదులోకి దిగింది. సాయంత్రానికి తొడ పక్కనుంచి పిక్క మీదుగా పాదం దాకా ఒకటే లాగుడు, కరెంటు తీగ పెట్టినట్టు. అయినా నడుము తగ్గిందిగా అని సర్దిచెప్పుకున్నాను. అదెంత తెలివితక్కువ సంతోషమో తర్వాత తెలిసింది.

భయమేసింది మాత్రం చెప్పు వల్ల. రాత్రి కొట్టు కట్టేసి ఇంటికి నడిచొచ్చాను. గుమ్మంలో మా ఆవిడ, "ఏవండీ, రెండో చెప్పేదీ?" అంది. చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. వీధి మొదట్లోనే జారిపోయింది, నాకు తెలియనే లేదు.

మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్ళాం. వెల్లకిలా పడుకోబెట్టి ఎడమ కాలు మడవకుండా మెల్లగా పైకెత్తారు. జానెడు లేచిందో లేదో కేక పెట్టాను. తర్వాత నా బొటనవేలి మీద ఆయన వేలు పెట్టి, "దీన్ని పైకి నెట్టు" అన్నారు. కుడి వేలు నెట్టింది. ఎడమ వేలు ప్రయత్నం చేసింది, అంతే. ఆ తర్వాత మా ఆవిడ ముందే, మూత్రం మామూలుగా వస్తోందా, విరేచనం మీద పట్టు ఉందా, కూర్చునే చోట మొద్దుబారినట్టుందా అని అడిగితే సిగ్గుతో నీళ్ళు నమిలాను. "సిగ్గుపడే విషయం కాదు. వీటిలో ఏది తేడా వచ్చినా, పాదం అసలే లేవకపోయినా, అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి రావాలి, తెల్లారేదాకా ఆగకూడదు" అన్నారు.

గుంటూరులో ఎమ్మారై తీయించాం. నడుము దగ్గరి వెన్నుపూసలు ఎల్4, ఎల్5 మధ్య ఉండే మెత్తటి డిస్కు జారిందన్నారు. పేరుకు జారడమంటారు గానీ జారేదేమీ లేదట. పూర్ణం బూరె తోపు చిట్లి పూర్ణం బయటికొస్తే ఎలా ఉంటుందో అలా, డిస్కు పైపొర చిట్లి లోపలి జిగురు పదార్థం బయటికొచ్చి కాల్లోకి వెళ్ళే నరాన్ని నొక్కుతోంది. చాలామందికి 6 నుంచి 12 వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుందని, బయటికొచ్చిన ముక్కను చాలాసార్లు ఒళ్ళే మెల్లగా కరిగించుకుంటుందని, వేలి బలం మాత్రం వారం వారం చూపించుకోవాలని చెప్పారు. పూర్తిగా మంచం ఎక్కొద్దన్నారు. ఎవరితోనూ తొక్కించుకోవద్దని కూడా.

ఆ చివరి మాట మా అమ్మకు నచ్చలేదు. "ఒరేయ్, ఎదురుకాళ్ళతో పుట్టిన పిల్ల మన ఇంట్లోనే ఉంది, ఒక్క తాపు తన్నించుకుంటే పోయేదానికి ఎమ్మారైలేంట్రా" అని ఒకటే పోరు. పడలేక మా తమ్ముడి కూతుర్ని పిలిచి, బొటనవేలితో నడుముకు మూడుసార్లు ఆనించమన్నాను. దానికి నవ్వాగలేదు. ఇప్పుడు నేను తిరుగుతున్నానంటే ఆ ఘనత ఎవరిదో మా అమ్మనడగండి.

అరువు ఖాతాల కోసం తెచ్చిన కొత్త పుస్తకం ఒకటుంటే నొప్పికి రాయడం మొదలుపెట్టాను. రోజూ రెండే మాటలు: నొప్పి ఎందాకా దిగింది, ఎంతసేపు నిలబడగలిగాను. "12వ రోజు. చీలమండ. గల్లా దగ్గర 10 నిమిషాలు." "15వ రోజు. పాదం. మాత్రల మత్తులో వంద నోటుకు ఐదొందల నోటనుకుని చిల్లర ఇచ్చాను." ప్రీగాబాలిన్ అనే నరాల మాత్ర మొదట్లో తల తిప్పేది. ఆ చిల్లర తీసుకున్నవాడు పుణ్యాత్ముడు, డబ్బు తెచ్చిచ్చాడు.

19వ రోజు దగ్గర ఒకటే మాట ఉంది: "తుమ్ము." కొట్లో ఎండుమిర్చి బస్తా విప్పితే వీధి వీధంతా తుమ్ముతుంది. డిస్కు ఉన్నవాడికి తుమ్మంటే ఏమిటో పడ్డవాడికే తెలుసు. ముక్కు చిటచిటమంటుంటే రెండు చేతులూ కౌంటరు మీద ఆనించి, నడుము నిటారుగా పెట్టి, దేవుణ్ణి తలుచుకుని తుమ్మాను. అయినా కాల్లోంచి మెరుపు మెరిసి కళ్ళు చీకట్లు కమ్మాయి. ఆ వేళే మిర్చి బస్తా వెనక గదిలోకి పోయింది.

నాలుగో వారంలో ఫిజియోథెరపీ మొదలైంది. మా పెద్దమ్మాయి కన్నా రెండుమూడేళ్ళు పెద్దదేమో ఆ అమ్మాయి. బోర్లా పడుకోబెట్టి, కొన్నాళ్ళకు మోచేతుల మీద లేపి, తర్వాత అరచేతుల మీద, పాము పడగెత్తినట్టు. రోజుకు ఆరేడుసార్లు, సారికి పది. న్యూజిలాండ్‌లో మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గర 1950లలో ఒక రోగి తలవైపు ఎత్తుగా ఉన్న మంచం మీద పొరపాటున బోర్లా పడుకుంటే కాలి నొప్పి పోయిందట, అక్కణ్ణుంచి పుట్టిన వ్యాయామమట. అందరికీ ఇదే పడదని, కొందరికి వెనక్కి వంగితే ఎక్కువవుతుందని, అందుకే చూసి చెప్తామని కూడా అంది.

38వ రోజు పొద్దున నడుములో మళ్ళీ భరించలేని నొప్పి. మొదటికొచ్చిందని ఏడ్చేశాను, నిజంగానే. ఫోన్ చేస్తే ఆ అమ్మాయి, "కాల్లో ఎందాకా ఉందంకుల్?" అంది. చూసుకున్నాను. పిక్కలో లేదు. తొడలో కొంచెం. "అయితే మంచిదే. నొప్పి కాల్లోంచి పైకెక్కి నడుములోకి చేరుతుంటే నరం తేలికపడుతున్నట్టు. కిందికి దిగుతుంటేనే నాకు చెప్పండి" అంది. పుస్తకం తిరగేస్తే నిజమే. పాదం, చీలమండ, పిక్క, మోకాలు, తొడ. మూడు వారాలుగా అది పైకెక్కుతూనే ఉంది, రోజూ నా చేత్తోనే రాసుకుంటున్నాను, చూళ్ళేదు. అరువు లెక్కల్లో పైసా తేడా పట్టేవాణ్ణి.

మంచం మీంచి నిటారుగా లేవడం మానేశాను. పక్కకు తిరిగి, కాళ్ళు కిందికి వేలాడేసి, మోచేతితో నెట్టుకుని లేవాలి. రాత్రి మోకాళ్ళ మధ్య దిండు. మరుగుదొడ్డిలో కుర్చీ. గల్లా దగ్గర అరగంటకోసారి లేచి నాలుగడుగులు. బస్తాలు ఇప్పుడు మా కుర్రాడు చూసుకుంటాడు. వాడు నడుము వంచి ఎత్తబోతే మోకాళ్ళు మడవరా అని అరుస్తాను, "సరే బాబాయ్" అంటాడు, మళ్ళీ నడుమే వంచుతాడు.

ఎడమ బొటనవేలు పైన రూపాయి బిళ్ళంత మేర ఇంకా మొద్దుగానే ఉంది. బలం వచ్చింది, చెప్పు జారట్లేదు. పుస్తకంలో ఆఖరి రాత 97వ రోజుది: "పిరుదు దాకా, అదీ సాయంత్రం. రైలు స్టేషన్ దాకా నడిచాను." ఆ కింద గీత కూడా కొట్టకుండా మా ఆవిడ ఎవరిదో రెండు కిలోల శనగపప్పు, లీటరు నూనె అరువు రాసేసింది.