ఉష్గులి బురుజు మీద

నిచ్చెన ఎక్కుతుంటే మోచేతులు రెండూ రాళ్లకి గీరుకుంటున్నాయి, అంత ఇరుకు. జార్జియాలో స్వానేతి కొండల్లో, దాదాపు 2,100 మీటర్ల ఎత్తున ఉన్న ఉష్గులిలో ఇవాళ ఒక పాత రాతి బురుజు ఎక్కాం.

ఇవి ఎక్కువగా 9 నుంచి 12వ శతాబ్దాల మధ్య కట్టినవి. రాజుల కోటలు కావు, ఇంటి బురుజులు. శత్రువులు వచ్చినా, ఊళ్లో కక్షలు ముదిరినా ఇంటిల్లిపాదీ వీటిలోనే తలదాచుకునేవాళ్లట.

పైనుంచి చూస్తే మంచు కప్పుకున్న ష్ఖారా శిఖరం, 5,193 మీటర్లు! కింద సందులో ఆవులు, బురద, పొయ్యి పొగ. 1996లో యునెస్కో గుర్తింపు వచ్చింది సరే, నాకైతే ఇక్కడ మనుషులు ఇంకా కాపురముంటున్నారు చూడండీ, అదే బాగా నచ్చింది.

జార్జియా రాజధాని తిబిలిసిలో మెడిసిన్ చదివే మన పిల్లలూ, సెలవులకి ఇటు రండి. రోడ్డు కుదిపేస్తుంది, అయినా రండి.